గైతోండే పుస్తకాల అలమరా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పుస్తకాల బీరువాలో రెండు అరలు ఒక్క మనిషికే ఇచ్చేశాను. ఆ మనిషి వాసుదేవ్ సంతు గైతోండే, నైరూప్య (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రకారుడు. వచ్చినవాళ్లు ఆ అరల ముందు ఆగి ఏదో ఒకటి అడుగుతారు. అందులో కొందరు వారం తిరక్కుండా ఫోన్ చేసి, తామూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటున్నామని అంటారు. ఎవరు అడిగినా సందేహాలు అవే. అందుకని వాళ్లు అడిగినవి అడిగినట్టే పెట్టి, జవాబులు కింద రాశాను. పైనుంచి కిందికి చదవాలని ఏం లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

గైతోండే ఎవరు? నేనెప్పుడూ పేరు వినలేదు.

1924 నవంబరు 2న నాగపూర్‌లో పుట్టారు, మూలాలు గోవాలో. పెరిగింది బొంబాయి గిర్గావ్‌లో. సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ నుంచి 1948లో డిప్లొమా తీసుకున్నారు. సూజా, రజా, హుస్సేన్ లాంటివాళ్లు 1947లో పెట్టుకున్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌తో కొంతకాలం నడిచారు. 1957లో టోక్యోలో జరిగిన యువ ఆసియా చిత్రకారుల ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. 1964-65లో రాక్‌ఫెల్లర్ ఫండ్ ఫెలోషిప్ మీద న్యూయార్క్‌లో ఉన్నారు. 1971లో పద్మశ్రీ. ఆ తరువాత ఢిల్లీకి మారి, నిజాముద్దీన్ ఈస్ట్‌లో మేడ మీది చిన్న గదిలో ఒంటరిగా చాలా ఏళ్లు గడిపారు. 2001 ఆగస్టు 10న పోయారు.

ఆయన తన బొమ్మలను 'ఆబ్‌స్ట్రాక్ట్' అనడానికి ఇష్టపడేవారు కాదు, 'నాన్ ఆబ్జెక్టివ్' అనేవారు. ఉన్న వస్తువును మార్చి వేయడం ఒకటి, వస్తువుతో పనే లేకుండా వేయడం ఇంకొకటి. ఆయనది రెండోది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే, తరువాత ఏ పుస్తకం తెరిచినా దారి తప్పరు.

ఒకే చిత్రకారుడి మీద పుస్తకాలెందుకు? భారతీయ ఆధునిక చిత్రకళ మొత్తానికి ఒక మంచి పుస్తకం కొంటే సరిపోదా?

అలాంటి పుస్తకంలో ఆయనకు దక్కేది సాధారణంగా ఒకటి రెండు పేజీలు, ఒక రంగుల బొమ్మ. ఆ ఒక్క బొమ్మ చూసి 'పసుపు రంగు మీద ఏవో మచ్చలు' అనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ కొన్నేళ్లు అలాగే తిప్పేశాను.

1950ల మొదట్లో ఆయన బొమ్మల్లో మనుషులు, పక్షులు, యూరప్ చిత్రకారుడు పాల్ క్లే ప్రభావం ఉన్న సన్నని గీతలు ఉన్నాయి. ఆ దశకం చివరికి వచ్చేసరికి ఆకారాలు కరిగిపోయాయి. 60లలో రంగు పొరలు పొరలుగా తేలడం మొదలైంది. ఆ తరువాత కాన్వాసు నిలువుగా లేచి నిలబడింది, దాని మీద ఏ లిపికీ చెందని గుర్తులు వచ్చాయి. ఈ నడక కళ్లకు కట్టాలంటే ఏళ్ల వరుసలో కనీసం ముప్పై నలభై బొమ్మలు చూడాలి. అది ఆయన ఒక్కడి మీద వచ్చిన పుస్తకంలోనే కుదురుతుంది.

నైరూప్య చిత్రాలు నాకు అర్థం కావు. అర్థం కానివాటి మీద డబ్బు పెట్టడం దండగ కదా?

కొనకముందే ఒక పని చేయండి. ఎక్కడైనా ఆయన బొమ్మ ఒకటి పెద్దదిగా దొరికితే, ఫోన్ పక్కన పెట్టి పది నిమిషాలు చూడండి. ఒక కాగితం మీద కనిపించింది మాత్రమే రాయండి. వెలుగు ఏ మూల నుంచి వస్తోంది? రంగు ఎక్కడ పలచగా ఉంది, ఎక్కడ గట్టిగా గడ్డకట్టింది? గుర్తులన్నీ ఏ ఎత్తులో తేలుతున్నాయి? 'ఇది సముద్రం', 'ఇది ఆకాశం' అని మాత్రం రాయకండి. మరునాడు అదే బొమ్మ మళ్లీ చూడండి. నిన్న రాయనిది ఏదైనా కనబడితే పుస్తకం కొనండి. కనబడకపోతే ఇప్పుడు కొనవద్దు, తొందరేం లేదు.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగు చదువరికి ఈ అలమరాలో చోటుందా?

ఉంది. ఆయన మీద ముఖ్యమైన పుస్తకాలు ఇంగ్లీషులోనూ మరాఠీలోనూ ఉన్నాయి, నిజమే. కానీ ఆ పుస్తకాల్లో సగానికి పైగా బొమ్మలు, వాటి కింద ఏడాది, కొలతలు, ఏ రంగుతో వేశారన్న రెండు ముక్కలు. అది చదవడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు.

ఇంకో సంగతి. గైతోండే ఇష్టంగా చదివినవాళ్లలో జిడ్డు కృష్ణమూర్తి, రమణ మహర్షి ఉన్నారు. కృష్ణమూర్తి మన మదనపల్లెలో పుట్టినవారే, ఆయన ప్రసంగాలు తెలుగులో దొరుకుతాయి. రమణుల 'నేనెవడను' తెలుగులో ఉంది. సూరి నాగమ్మగారు రాసిన 'శ్రీరమణాశ్రమ లేఖలు' అయితే అసలు తెలుగులోనే పుట్టాయి, ఇంగ్లీషువాళ్లే అనువాదంలో చదువుకోవాలి. గైతోండే చుట్టూ ఉన్న ఆలోచనల్లో ఆ వైపు మనం నేరుగా మన భాషలోనే అందుకోవచ్చు. నాకు తెలిసిన ఒక మాస్టారు ముందు ఈ తెలుగు పుస్తకాలు చదివి, తరువాతే బొమ్మల పుస్తకం తెరిచారు. ఆయన చూసినంత నెమ్మదిగా ఆ పేజీలను నేను చూడలేదు.

ఎంత ఖర్చవుతుంది?

మొదటి మూడు నెలలు ఏమీ పెట్టకండి. వేలం సంస్థల ఆన్‌లైన్ కేటలాగులు, మ్యూజియంల వెబ్‌సైట్లు ఉచితం. నైరూప్య కళ గురించి మూలంలోంచి ఏదైనా చదవాలనుకుంటే రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 చివర్లో తెచ్చిన చిన్న పుస్తకానికి 1914 నాటి ఇంగ్లీషు అనువాదం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. ఆ తరువాత లలిత కళా అకాడమీ వేసిన చిన్న పుస్తకం, పాత పుస్తకాల మార్కెట్‌లో దొరికితే. పెద్ద సంపుటాలు చివరికి. నేను నెలకు 500 పక్కన పెట్టుకుంటూ వచ్చాను. ఒక పెద్ద పుస్తకం కోసం ఏడాది దాకా ఆగిన సందర్భం ఉంది. ఆ ఏడాదంతా అందులోని బొమ్మలను స్క్రీన్ మీద వెతుక్కుంటూ గడిపాను కాబట్టి, పుస్తకం వచ్చే నాటికి సగం బొమ్మలు నాకు పాత పరిచయస్తులు.

## కొనేటప్పుడు

ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?

న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం 2014లో ఆయన మీద పెట్టిన పెద్ద ప్రదర్శన కేటలాగు. పేరు 'వి.ఎస్. గైతోండే: పెయింటింగ్ యాజ్ ప్రాసెస్, పెయింటింగ్ యాజ్ లైఫ్'. రాసినవారు ఆ ప్రదర్శన క్యూరేటర్ సంధిని పోద్దార్, ప్రచురణ ప్రెస్టెల్. ప్రదర్శన 2014 అక్టోబరు 24 నుంచి 2015 ఫిబ్రవరి 11 దాకా సాగింది, ఆ ఏడాదే తరువాత వెనిస్‌లోని పెగ్గీ గుగెన్‌హైమ్ కలెక్షన్‌కు వెళ్లింది. ఆసియా, యూరప్, అమెరికాల్లోని ముప్పై మ్యూజియంలు, సొంత సేకరణల నుంచి 45 పనులు ఒకచోటికి తెచ్చారు. మామూలుగా ఎవరి ఇంటి గోడ మీదో ఉండి మనకు ఎప్పటికీ కనబడని బొమ్మలు అవి. ఏళ్ల వరుసలో ఆయన ఎలా మారారో ఒకే పుస్తకంలో పట్టుబడుతుంది. అందుకే నా ఓటు దీనికి.

ఆయన జీవితం తెలుసుకోవాలంటే?

మీరా మెనెజెస్ రాసిన 'వాసుదేవ్ సంతు గైతోండే: సొనాటా ఆఫ్ సాలిట్యూడ్', 2016. ముంబయిలోని బోధనా ఆర్ట్స్ అండ్ రీసెర్చ్ ఫౌండేషన్ వేసింది. గైతోండే మితభాషి, మనుషులకు దూరంగా బతికినవాడు. అలాంటి మనిషి జీవితం రాయాలంటే ఆయన్ను ఎరిగినవాళ్ల జ్ఞాపకాలను ఒక్కొక్కటే పోగు చేయాలి. ఆ ఓపిక ఈ పుస్తకంలో కనిపిస్తుంది. బొమ్మలు కూడా ధారాళంగా ఉన్నాయి. బొమ్మ కంటే మనిషి మీదే మీకు ఎక్కువ ఆసక్తి ఉంటే దీంతోనే మొదలుపెట్టినా తప్పు లేదు.

జ్ఞానేశ్వర్ నాడ్‌కర్ణి గైతోండే మీద రాసిన పుస్తకం పాతబడిపోయింది కదా, ఇంకా అవసరమా?

అవసరమే. లలిత కళా అకాడమీ దాన్ని 1983లో వేసింది. అప్పటికి గైతోండే బతికి ఉన్నారు, బొమ్మలు వేస్తున్నారు. కోట్ల రూపాయల వేలం పాటలు ఇంకా మొదలు కాలేదు. ఆయన్ను పెద్ద పేరుగా కాక, సమకాలికుడిగా చూసి రాసిన పుస్తకం అది. తరువాత వచ్చినవన్నీ వెనక్కి తిరిగి చూస్తూ రాసినవి. చిన్న పుస్తకం, అచ్చు ఇప్పటి స్థాయిలో ఉండదు, రంగుల కోసం కొనకండి. ఆ కాలపు చూపు కోసం కొనండి.

మరాఠీ రాదు. మరాఠీ పుస్తకాలు కొని ఏం చేసుకోను?

'చిన్హ' అనే మరాఠీ కళా వార్షిక పత్రిక, సంపాదకుడు సతీశ్ నాయక్ చేతుల మీదుగా, గైతోండే గురించి చాలా పని చేసింది. గైతోండేను బొంబాయి రోజుల నుంచి ఎరిగినవాళ్లు అందులో మాట్లాడారు. మరాఠీ తెలిసినవాళ్లు పక్కన ఉంటే తప్పక సంపాదించండి. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఇళ్లలో మరాఠీ చదివే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ లేకపోతే ఇప్పటికి వదిలేయండి. చదవలేని పుస్తకం అరలో ఉంటే ఏదో లోటు గుచ్చుతూనే ఉంటుంది.

వేలం కేటలాగులను కూడా పుస్తకాల కింద లెక్కేయాలా?

గైతోండే విషయంలో తప్పకుండా. ఆయన ఏడాదికి వేసినవి అయిదారు కాన్వాసులని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. చాలా భాగం సొంత సేకరణల్లో ఉన్నాయి. అవి బయటికి వచ్చి వెలుగు చూసేది వేలానికి వచ్చినప్పుడే. అప్పుడు మంచి ఫొటో తీస్తారు, కొలతలు ఇస్తారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాస్తారు, అంతకుముందు ఏ పుస్తకంలో ఏ పేజీలో అచ్చయిందో కూడా చెబుతారు. ఆ చివరి వివరం మనలాంటివాళ్లకు బంగారం. ఏ పుస్తకం వెతకాలో అదే చెబుతుంది.

క్రిస్టీస్ అనే వేలం సంస్థ 2013 డిసెంబరులో ముంబయిలో పెట్టిన మొదటి వేలంలో 1979 నాటి ఆయన బొమ్మ 23.7 కోట్లు పలికింది. 2015 డిసెంబరులో అదే సంస్థ వేలంలో 1995 నాటిది 29.3 కోట్లకు వెళ్లింది. అప్పటి నుంచి ఆయన బొమ్మ వస్తే కేటలాగులో దానికి ప్రత్యేకంగా పేజీలు కేటాయించి వ్యాసం రాయిస్తున్నారు. ఆ వ్యాసాల్లో కొన్ని నిజంగా బాగుంటాయి. అయితే అవి అమ్మకం కోసం రాసినవని మరచిపోకండి. బొమ్మను తక్కువ చేసే మాట అందులో ఒక్కటీ ఉండదు.

అచ్చు కేటలాగు దొరకకపోతే ఆన్‌లైన్‌లో ఆ పేజీ చూసి, సంస్థ పేరు, తేదీ, లాట్ నంబరు (ఆ వేలంలో బొమ్మ వరుస సంఖ్య) ఒక నోటుబుక్కులో రాసుకోండి. అదీ లైబ్రరీలో భాగమే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

బొమ్మల పుస్తకంలో మొదట పోయేది బొమ్మలే. ఫ్రేము కట్టించుకోవడానికి పేజీలు కోసేస్తారు. ఒకసారి నేను ఫొటోలు చూసి, అట్ట బాగుందని నమ్మి ఒక పుస్తకం తెప్పించుకున్నాను. తెరిస్తే మధ్యలో నాలుగు రంగుల పేజీలు బ్లేడుతో తీసేసి ఉన్నాయి. కుట్టు దగ్గర సన్నగా అంచు మిగిలింది, అంతే. అమ్మినవాళ్లు పేజీల నంబర్లు వరుసగానే ఉన్నాయని వాదించారు. నిజమే, ఆ బొమ్మల పేజీలకు అసలు నంబర్లే లేవు. అప్పటి నుంచి డబ్బు పంపే ముందే బొమ్మల జాబితా ఉన్న పేజీ ఫొటో, మధ్య కుట్టు ఫొటో, వెనక అట్ట మీద ఐఎస్‌బిఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఫొటో అడుగుతున్నాను.

చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే వాసన చూడండి. బూజు వాసన వస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు, అది మిగతా పుస్తకాలకూ పాకుతుంది. నున్నటి ఆర్టు పేపరు ఒకసారి తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ లేచి వస్తుంది. కాబట్టి అన్ని పేజీలూ విడివిడిగా తెరుచుకుంటున్నాయో లేదో తిప్పి చూడండి.

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కళల పుస్తకాలు అప్పుడప్పుడు తగులుతాయి. పొద్దున్నే వెళ్లినవాళ్లకే ఆ భాగ్యం. గైతోండే పేరున్నదే దొరకాలని లేదు, పాత లలిత కళా అకాడమీ పత్రికల కట్టలు ఒక్కొక్కటీ విప్పి చూడండి.

అమెరికా నుంచి తెప్పించుకుంటే సుంకం పడుతుందా?

అచ్చు పుస్తకాలకు జిఎస్‌టి లేదు. కానీ 2019 బడ్జెట్ విదేశాల నుంచి వచ్చే పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టింది. అసలు భారం సుంకం కాదు, బరువు. బొమ్మల పుస్తకానికి పోస్టేజి కొన్నిసార్లు పుస్తకం ధరను దాటిపోతుంది. అక్కడ బంధువులుంటే వాళ్ల ఇంటికి తెప్పించి, వాళ్లు వచ్చేటప్పుడు తెమ్మనడమే మన ఇళ్లలో నడిచే దారి. ఒక్క మాట ముందే చెప్పండి: పెట్టెలో అడుగున, బట్టల మధ్య, పడుకోబెట్టి పెట్టమనండి. మా మేనకోడలు ఆవకాయ సీసాలకు ఎంత జాగ్రత్త చేస్తుందో అంత జాగ్రత్తగా ఒక పుస్తకం తెచ్చి ఇచ్చింది. దాని మూలలు ఇప్పటికీ కొత్తవే.

## చదివేటప్పుడు

ఒకే బొమ్మ రెండు పుస్తకాల్లో రెండు రంగుల్లో ఉంది. ఏది నిజం?

రెండూ కాదు. ఈ ప్రశ్న అడిగారంటే మీరు నిజంగా చూడడం మొదలుపెట్టినట్టే.

గైతోండే రంగును ఒకేసారి పూయలేదు. పలచని పొర వేసి, అది ఆరాక ఇంకో పొర, దాని మీద మరొకటి. కింది రంగు పైరంగులోంచి తొంగి చూస్తుంది. కొన్నిచోట్ల రోలరుతో, పాలెట్ నైఫుతో (రంగులు కలిపే మొండి కత్తి) రంగును నెట్టి, గీకి, సన్నం చేశారు. ఎదురుగా నిలబడినప్పుడు వెలుతురు ఆ పొరల్లోకి వెళ్లి తిరిగి వస్తుంది, మనం పక్కకు జరిగితే బొమ్మ కూడా కొంచెం మారుతుంది. అచ్చులో ఇది కుదరదు. నాలుగు సిరాల చుక్కలను చదునైన కాగితం మీద పరిస్తే, ఆ లోతు మొత్తం ఒకే రంగుగా మారిపోతుంది. పైగా ఫొటో తీసిన నాటి దీపాలు, స్కానింగు, ప్రెస్సులో సిరా పాళ్లు, కాగితం తెలుపు, అన్నీ కలిసి దాన్ని ఇంకో వైపు లాగుతాయి. ఆకుపచ్చ కాస్తా నీలం అవుతుంది, కాషాయం ఇటుక రంగు అవుతుంది.

నేను చేసేది ఇది. రెండు పుస్తకాలనూ పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తెరిచి పక్కపక్కన పెడతాను. ట్యూబ్‌లైటు కింద ఎప్పుడూ పోల్చను. రెండింట్లో కలిసే సంగతులు నమ్ముతాను, అంటే ఏది ముదురు, ఏది లేత, వెలుగు ఎక్కడ మొదలవుతోంది అన్నవి. రంగు పేరు మాత్రం నమ్మను. అసలు బొమ్మ చూసే దాకా దాన్ని ఖాళీగా ఉంచుతాను.

సైజు కూడా ఇలాంటిదే. ఆయన నిలువు కాన్వాసుల్లో చాలా వాటి ఎత్తు దాదాపు 60 అంగుళాలు, వెడల్పు 40. అరచేతి సైజు అచ్చులో చూసి అది చిన్న బొమ్మ అనుకుంటాం. ఒకసారి ఇంట్లో గోడ మీద ఆ కొలతకు సుద్దతో గీసి, దాని ముందు నిలబడి, పుస్తకంలో ఆ పేజీ తెరవండి. మనిషి భుజాలంత వెడల్పును మించి, దాదాపు మనిషంత ఎత్తు. ఆ బొమ్మ మనకు ఎదురుగా నిలబడి ఉంటుందని అప్పుడు తెలుస్తుంది.

అన్ని బొమ్మలకూ 'అన్‌టైటిల్డ్' (పేరు లేదు) అనే ఉంది. ఏది ఏదో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఒక పొడుగు నోటుబుక్కు పెట్టండి. ఒక్కో బొమ్మకు ఒక్కో పేజీ. ఏడాది, ఎత్తు, వెడల్పు, ఇప్పుడు ఎక్కడుంది, ఏయే పుస్తకంలో ఏయే పేజీలో ఉంది. ఏడాది, కొలతలు రెండూ కలిస్తే చాలావరకు బొమ్మ గుర్తు పట్టవచ్చు. సంతకం, తేదీ తరచుగా కాన్వాసు వెనుకే ఉంటాయి కాబట్టి అచ్చులో కనబడవు, వేలం కేటలాగుల్లో మాత్రం వివరం రాస్తారు. మీకు మీరే ముద్దుపేర్లు పెట్టుకోవద్దు. 'దీపాల బొమ్మ' అని ఒకదానికి పేరు పెట్టుకున్నాను, అప్పటి నుంచి అందులో నాకు దీపాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ పేరు కొట్టేయడానికి రెండేళ్లు పట్టింది.

ఆ గుర్తులు ఎలా వేశారు? బ్రష్‌తో వేసినట్టు లేవు.

చాలావరకు బ్రష్‌తో కాదు. పత్రికల కాగితాన్ని కావలసిన ఆకారాల్లో కత్తిరించి లేదా చించి, తడి రంగు మీద పెట్టి, రోలరుతో నొక్కి తీసేవారు. కాగితం కొంత రంగును లేపుకుపోతుంది, కొంత వదిలిపెడుతుంది. అందుకే ఆ గుర్తుల అంచులు ఒకచోట పదునుగా, ఒకచోట చెదిరి ఉంటాయి. ఎంత రంగు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో చేతికి తెలిసి ఉండాలి. గుగెన్‌హైమ్ పుస్తకం పేరులో 'ప్రాసెస్' అన్న మాట ఉన్నది ఇందుకే.

1984లో ఆయనకు జరిగిన ప్రమాదం తరువాత కొన్నేళ్లు పెద్ద కాన్వాసులు వదిలేసి, కాగితం మీద ఇంకుతో చిన్న బొమ్మలు వేశారు. పుస్తకాల్లో ఈ పేజీలను జనం త్వరగా తిప్పేస్తారు. దయచేసి ఆగండి. రంగు లేకుండా ఆయన చెయ్యి ఎలా కదిలేదో అక్కడే కనబడుతుంది.

ఆయన్ను 'ఇండియన్ రాత్కో' అంటారు. న్యూయార్క్‌లో రంగు పొరలతో బొమ్మలు వేసిన మార్క్ రాత్కో మీద పుస్తకాలు కూడా కొనాలా?

ఇష్టమైతే కొనండి, ఈయన్ను అర్థం చేసుకోవడానికని మాత్రం కాదు. గైతోండే న్యూయార్క్ వెళ్లింది 1964లో. ఆకారాలను వదిలేసి రంగు పొరల వైపు నడవడం బొంబాయిలో 50ల చివర్లోనే మొదలైంది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ఆయన 'పెయింటింగ్, 4' 1962 నాటిది. ఆ పోలిక అమ్మేవాళ్లకు సులువు, చూసేవాళ్లకు అడ్డం.

ఆయన స్వయంగా రాసిన పుస్తకం ఏదీ లేదా?

ఆయన కుంచెతో చేసిన పనే ఆయన చెప్పిన మాట. ఇచ్చిన ఇంటర్వ్యూలు కొద్ది, మాటలు ఇంకా కొద్ది. కాండిన్‌స్కీ, క్లే పుస్తకాలు రాశారు, కాబట్టి వాళ్ల మీద లైబ్రరీ పెట్టేవాళ్లకు చిత్రకారుడి గొంతు అరలో దొరుకుతుంది. గైతోండే లైబ్రరీలో అన్నీ పక్కవాళ్ల గొంతులే. అందుకే ఒకే సంగతిని కనీసం ఇద్దరు ఎలా చెప్పారో చూసి గానీ నమ్మకండి.

## అలమరా పెరిగాక

ఆయన మీద పుస్తకాలు అయిపోయాయి. పక్కన ఏం పెట్టాలి?

ముందుగా నస్రీన్ మొహమ్మదీ. 1937లో పుట్టి 1990లో పోయిన ఈ చిత్రకారిణి బొంబాయి భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో గైతోండేకు దగ్గరగా మెలిగారు. ఆమెది సన్నని గీతల లోకం, కానీ ఆ నిశ్శబ్దం ఒకటే కుటుంబం. 1995లో వచ్చిన 'నస్రీన్ ఇన్ రెట్రోస్పెక్ట్'లో ఆమె డైరీ మాటలు కూడా ఉన్నాయి. దొరికితే వదలకండి.

ఆ కాలపు బొంబాయి కోసం యశోధరా దాల్మియా 2001లో రాసిన 'ది మేకింగ్ ఆఫ్ మోడరన్ ఇండియన్ ఆర్ట్: ది ప్రోగ్రెసివ్స్'. పాల్ క్లే రేఖాచిత్రాల పుస్తకం ఒకటి, ఏదైనా సరే. గీత కపూర్ 1978 నాటి 'కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్' గొప్ప పుస్తకం, అయితే అందులోని ఆరుగురిలో గైతోండే లేరు. ఆయన కోసం కొని నిరాశపడకండి.

కింది అరలో కృష్ణమూర్తి, రమణులు, నిసర్గదత్త మహరాజ్. నిసర్గదత్త బొంబాయికి చెందిన ఆధ్యాత్మిక గురువు, మరాఠీలో మాట్లాడారు. ఆ సంభాషణల ఇంగ్లీషు అనువాదం 'ఐ యామ్ దట్' 1973లో వచ్చింది. ఒక హెచ్చరిక: ఈ పుస్తకాలు చదివి బొమ్మలో వేదాంతం వెతకవద్దు. అవి ఆయన ఇంట్లో ఉన్న గాలి లాంటివి, బొమ్మకు టీకా తాత్పర్యం కావు.

ఎక్కడ ఆపాలి?

నా లెక్కలో పదిహేను పుస్తకాలు దాటనక్కర్లేదు. ఆయన పేరు ఒక పేరాలో ఉన్న పుస్తకాన్ని కొనకండి, ఆ పేరా జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకోండి.

## దాచుకునేటప్పుడు

ఇంత పెద్ద పుస్తకాలను నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించకుండా. నిలబెడితే లోపలి బరువుకు కాగితాల దిమ్మ కిందికి జారి కుట్టు తెగుతుంది. తీసేటప్పుడు పై అంచు పట్టి లాగకండి, రెండు చేతులతో కింద నుంచి ఎత్తండి.

మాది కాకినాడ. గోడలన్నీ చెమ్మ. ఏం చేయను?

బీరువాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. బయటి గోడకు, బాత్రూమ్ గోడకు ఆనించవద్దు. అటక మీద అసలు వద్దు. సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో రెండు వారాలకోసారి మార్చండి. పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లలో గాలి చొరకుండా బిగించకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పొడి రోజు చూసి నెలకొకసారి తెరిచి ఫ్యాను గాలి తగలనివ్వండి, ఎండలో మాత్రం పెట్టకండి.

పురుగుకు మన ఇళ్లలో కలరా ఉండలు వేస్తారు. వేసినా కాగితానికి తగలకుండా మూలన పెట్టండి. వేపాకు పెడితే బాగా ఎండినదే పెట్టాలి, పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది. చెదలు ఒక్కసారి కనబడితే ఇంటి వైద్యం వద్దు, ఆ రోజే పుస్తకాలన్నీ వేరే గదికి మార్చి పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి.

పేజీల మీద రాసుకోవచ్చా?

వ్యాసాల పక్కన మెత్తని పెన్సిలుతో రాసుకోండి. బొమ్మల పేజీ మీద ఏమీ వద్దు. దాని వెనక పేజీ మీద గట్టిగా రాసినా ఇవతలికి అచ్చు పడుతుంది.

ఎవరైనా అడిగితే ఇవ్వాలా?

ఇంటికి పిలవండి, టీ ఇవ్వండి, మీ బల్ల మీదే చూపించండి. ఎంతసేపైనా చూడనివ్వండి. బయటికి మాత్రం నేను ఇవ్వను.

అసలు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు? పుస్తకం వెంట తీసుకెళ్లాలా?

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, ఢిల్లీలోనే కిరణ్ నాడార్ మ్యూజియం. ముంబయిలో ఛత్రపతి శివాజీ మహరాజ్ వస్తు సంగ్రహాలయంలో ఉన్న జహంగీర్ నికల్సన్ సేకరణ. కొలాబాలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో హోమీ భాభా రోజుల నుంచి పెరిగిన సేకరణలోనూ ఉన్నాయి, అది పరిశోధన సంస్థ కాబట్టి ముందే అనుమతి అడగాలి. అన్ని రోజులూ అన్నీ గోడ మీద ఉండవు. బయలుదేరే ముందు ఫోన్ చేసి గైతోండే ఇప్పుడు గోడ మీద ఉన్నారా అని అడగండి.

పుస్తకం తీసుకెళ్లకండి. ఎదురుగా బొమ్మ ఉన్నా కళ్లు పుస్తకంలోకే వెళ్తాయి. మీ నోటుబుక్కులో ఆ బొమ్మ పేజీ మాత్రం తీసుకెళ్లండి, రంగు పేరు రాయకుండా ఖాళీగా ఉంచిన పేజీ. అరగంట నిలబడి చూసి, బయటికి వచ్చి చెట్టు కింద కూర్చుని ఆ ఖాళీ నింపండి. ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచి పక్కన పెట్టుకోండి. నేను మొదటిసారి అలా చేసినప్పుడు పుస్తకంలో బూడిద రంగని అనుకున్న చోట నా నోటుబుక్కులో 'లేత ఆకుపచ్చ, లోపల ఎక్కడో పసుపు' అని ఉంది.